సీతమ్మ, ఆడవాళ్ళు, లబ్ధిదారు: గ్రామీణ స్త్రీల సామూహిక కార్యాచరణ కథనాలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సారా వ్యతిరేకోద్యమం మొదలుకొని స్వయం సహాయక సంఘాల వరకు గ్రామీణ స్త్రీల సామూహిక కార్యాచరణను గురించి తెలుగులో వచ్చిన కథనాలు, ఆ స్త్రీల ఆత్మవిశ్వాసానికి మూలం ఎక్కడ ఉందని చెబుతున్నాయి? ఈ ప్రశ్నతో అక్షరాస్యతా వాచకంలోని పాఠం, ప్రభుత్వ విజయగాథ, జహీరాబాద్ ప్రాంత మహిళా సంఘాల దృశ్యకథనం అనే మూడు రూపాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పేర్ల వాడుక, సర్వనామాలు, వాక్యనిర్మాణం ఈ పరిశీలనకు ప్రధానాధారాలు.

కీలకపదాలు: సారా వ్యతిరేకోద్యమం, అక్షరాస్యతా వాచకం, సంఘం, పొదుపు, విజయగాథ, ఆత్మవిశ్వాసం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య విమర్శలో 1990ల తొలి సంవత్సరాలు స్త్రీవాద కవిత్వ కాలంగా స్థిరపడ్డాయి. 'నీలిమేఘాలు' సంకలనం 1993లో వెలువడింది. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. మొదటిది పాఠ్యాంశమైంది, పరిశోధనాంశమైంది. రెండవది సిద్ధాంత గ్రంథాల తొలి అధ్యాయాలలో 'నేపథ్యం' అనే శీర్షిక కింద ఒక పేరాకు పరిమితమైంది. సారా దుకాణాలు మూయించిన స్త్రీలలో అత్యధికులు రచయిత్రులు కారు. అందువల్ల వారి చరిత్ర సామాజిక శాస్త్రాలకు చెందినదనీ, సాహిత్య విమర్శకు అక్కడ పనిలేదనీ ఒక పని విభజన ఏర్పడింది.

ఆ విభజనను అంగీకరించడం కష్టం. ఆ స్త్రీలను గురించి, వారి కోసం, కొన్ని సందర్భాలలో వారి చేతుల మీదుగానే అనేక కథనాలు తయారయ్యాయి. వాచకాలలోని పాఠాలు, కళాజాతాల నాటికలు, పాటలు, ప్రభుత్వ శాఖలు ప్రచురించిన విజయగాథల పుస్తకాలు, పత్రికల మహిళా పేజీలలోని పరిచయాలు, సంఘాల స్త్రీలు స్వయంగా తీసిన చిత్రాలు అన్నీ కథన రూపాలే. వీటిలో పాత్రలున్నాయి, సంఘటనా క్రమం ఉంది, కర్త ఎవరో నిర్ణయించే వాక్యాలున్నాయి. వీటిని సమాచారంగా మాత్రమే వాడుకుంటే, అవి సమాచారాన్ని ఏ వరుసలో పేర్చాయన్నది కనిపించదు. గ్రామీణ స్త్రీకి ధైర్యం ముందు వచ్చి తర్వాత పని మొదలైందా, పని చేస్తుండగా ధైర్యం ఏర్పడిందా అన్న ప్రశ్నకు జవాబు ఆ వరుసలోనే ఉంటుంది.

2. సీతమ్మ నుంచి ఆడవాళ్ళ దాకా

జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో ఏర్పడింది. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం 1990లో మొదలైంది. కళాజాతాలు ఊళ్ళు తిరిగాయి. పగలంతా పొలాలలో పనిచేసి వచ్చిన వయోజనులు రాత్రిపూట తరగతులలో కూర్చున్నారు. వారిలో స్త్రీలే ఎక్కువ. వారి చేతికి అందిన వాచకాలలోని ఒక పాఠం 'సీతమ్మ కథ'. సారా వల్ల సంసారాలు చితికిపోతున్న ఒక పల్లెలో సీతమ్మ అనే స్త్రీ తక్కిన ఆడవాళ్ళను కూడగట్టి దుకాణాన్ని మూయిస్తుంది. కలిగిరి మండలం దూబగుంటలో ఈ పాఠం చదివిన స్త్రీలు తమ ఊరి సారాను అడ్డుకున్నారన్నది అందరికీ తెలిసిన చరిత్ర. ముందు కల్లు బండిని వెనక్కు పంపారు, తర్వాత సారా జీపును ఊళ్ళోకి రానివ్వలేదు. ఆ విజయం తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే మరో పాఠమైంది. దాన్ని చదివిన ఇతర గ్రామాల స్త్రీలు తమ ఊళ్ళలో అదే పనికి పూనుకున్నారు. 1992 నాటికి ఉద్యమం జిల్లా అంతటా విస్తరించింది. సారా వేలంపాటలను అడ్డుకోగా అవి పలుమార్లు వాయిదాపడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది.

పాఠం సంఘటనగా మారడం, సంఘటన మళ్ళీ పాఠంగా మారడం తెలుగు వచన చరిత్రలో అరుదైన విషయం. ఈ రెండు పాఠాల శీర్షికలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంది. 'సీతమ్మ కథ' అన్నది ఒక సంజ్ఞానామం, ఒక ప్రక్రియానామం కలిసిన సమాసం. తెలుగు పల్లెలో సీతమ్మ అన్న పేరు కష్టాలకు, సహనానికి పర్యాయం. స్త్రీల రామాయణపు పాటలెన్నో ఆ పేరు చుట్టూ అల్లుకున్నాయి. పాఠ్యరచయితలు ఆ పేరును ఉద్దేశపూర్వకంగానే ఎన్నుకున్నా, అలవాటుగా ఎన్నుకున్నా, సహించే సీతమ్మ అడ్డుపడే సీతమ్మ కావడంలో ఒక బలం ఉంది. అయినా ఇది ఒక్క వ్యక్తి కథ. ఆమెకు ముందుగా తెలిసింది, ఆమె తక్కినవారికి చెప్పింది, వారు ఆమె వెంట నడిచారు.

'ఆడవాళ్ళు ఏకమైతే' అన్నది దీనికి పూర్తిగా భిన్నమైన నిర్మాణం. ఇందులో సంజ్ఞానామం లేదు, బహువచనం ఉంది. అది కథ అని చెప్పుకోదు. పైగా అది పూర్తి వాక్యం కూడా కాదు. చేదర్థక రూపంతో ఆగిపోయిన అసమాపక వాక్యం. ఏకమైతే ఏమవుతుందో శీర్షిక చెప్పదు. దాన్ని పూరించవలసింది చదువరి. దూబగుంటలో జరిగినదాన్ని చెబుతూనే, ఆ సమాపక క్రియను మరో ఊరికి వదిలిపెట్టింది. వాచకంలోని పాఠం ఇంతకంటే చక్కగా చేయగల పని లేదు. కల్పనలో ఒక్కరుగా ఉన్నది వాస్తవంలో అనేకులైంది. ఆ మార్పును రెండవ శీర్షిక నమోదు చేసింది.

అయితే ఉద్యమాన్ని వర్ణించిన తర్వాతి రచనలు చాలావరకు మొదటి పాఠం వరుసనే అనుసరించాయి. పాఠం చదివారు, చైతన్యం కలిగింది, ఉద్యమించారు అన్నది ఆ వరుస. ఇందులో పాఠం కారణం, స్త్రీలు ఫలితం. ఈ వివరణలో అక్షరాస్యతకు దక్కిన గౌరవం సబబే గాని, ఒక సందేహం తీరదు. సారా వల్ల కలిగే నష్టం ఆ స్త్రీలకు పాఠం చెబితే తెలిసిందా? కూలి డబ్బు దుకాణానికి చేరే దారి వారికి ఏ వాచకం కంటే ముందే తెలుసు. రాష్ట్రానికి ఎక్సైజు ద్వారా వచ్చే ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలుండగా 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. ఆ పెరుగుదలను అంకెల్లో చదవకపోయినా, ఖాళీ గిన్నెలలో చదివినవారు వారే. తెలియనిది మరొకటి. పక్కింటి లెక్క కూడా ఇదేనని ఒకచోట కూర్చుని బిగ్గరగా చెప్పుకునే సందర్భం వారికి అంతకుముందు లేదు.

'ఇంటి గుట్టు లంకకు చేటు' అన్న సామెత తెలుగు ఇళ్ళలో స్త్రీల నోళ్ళకు వేసిన తాళం. మొగుడు తాగి కొట్టడం ఇంటి గుట్టు. అది బయటపడితే చెడేది తన ఇల్లే అని ఆమెకు నేర్పారు. రాత్రి తరగతి ఈ తాళాన్ని తీసింది. చీకటి పడ్డాక నలుగురు ఆడవాళ్ళు ఇల్లు దాటి ఒకచోట చేరడానికి 'చదువు' అన్నది ఎవరూ కాదనలేని కారణం. అక్కడ గుట్టు లెక్కగా మారింది. ఎవరింట్లో ఎంత పోతున్నదో కలిపితే ఊరి మొత్తం తేలింది. సీతమ్మ పాఠం ఆ సంభాషణకు ఒక పేరు ఇచ్చి ఉండవచ్చు. ఆ సంభాషణను సాధ్యం చేసింది మాత్రం ప్రతి రాత్రీ తరగతిని నిలబెట్టిన పని: దీపం తేవడం, తోటివారిని పిలుచుకురావడం, పిల్లల్ని ఒకరివి ఒకరు చూసుకోవడం. ఉద్యమం నాటి కాపలాలు, జీపులకు అడ్డుగా దారుల్లో కూర్చోవడాలు, తాగివచ్చినవారికి అన్నం పెట్టకపోవడాలు ఈ పనికి కొనసాగింపు.

తెలుగు వ్యాకరణం ఇక్కడ ఒక మంచి సాధనాన్ని అందిస్తుంది. ఉత్తమ పురుష బహువచనంలో 'మేము' వేరు, 'మనము' వేరు. వినేవారిని కలుపుకొనేది 'మనం', మినహాయించేది 'మేం'. ఉద్యమకారులు విలేకరులకు, అధికారులకు చెప్పేటప్పుడు 'మేం' అనక తప్పదు. తమలో తాము నిర్ణయించుకునేటప్పుడు 'మనం' అనక తప్పదు. గ్రంథస్థమైన కథనాలన్నీ బయటివారితో సాగిన సంభాషణలు కాబట్టి వాటి నిండా 'మేం' ఉంటుంది. రాత్రి తరగతిలో పుట్టిన 'మనం' ఏ నివేదికలోకీ ఎక్కదు. విమర్శకుడు ఈ లోపాన్ని గుర్తుంచుకొని చదవాలి. ఆ స్త్రీలు బయటివారి ముందు నిబ్బరంగా పలికిన 'మేం' వెనుక, ఎన్నో రాత్రులు సాధన చేసిన 'మనం' ఉంది. సభలో ఆమె మాట తడబడకపోవడం చూసి ఆశ్చర్యపడే రచయితలు ఈ సాధనను లెక్కలోకి తీసుకోరు.

3. ఇంటిపేరైన ఊరు

ప్రజాస్మృతిలో దూబగుంట ఉద్యమం మళ్ళీ ఒక్క పేరు దగ్గరకు చేరింది. వర్ధినేని రోశమ్మ ఆ ఉద్యమానికి ముఖచిత్రమయ్యారు. ఆమె నాయకత్వాన్ని తక్కువ చేయవలసిన పనిలేదు. అయితే కల్పనలోని సీతమ్మ వాస్తవంలో ఆడవాళ్ళుగా మారి, స్మృతిలో తిరిగి రోశమ్మగా మారడం గమనించదగిన వలయం. శ్రామిక, దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు వందలాదిగా పాల్గొన్న కార్యాన్ని గుర్తుంచుకోవడానికి మనకు ఒక నాయిక కావలసివచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీల విషయంలోనూ చిట్యాల ఐలమ్మ పేరుకు ఉన్న వ్యాప్తి, ఆమె పంటను ఇంటికి చేర్చడానికి అండగా నిలిచిన సంఘం మనుషులకు లేదు.

ఒక వైపు నుంచి చూస్తే మాత్రం వాడుక భాష చరిత్రకారులకంటే న్యాయంగా వ్యవహరించిందనిపిస్తుంది. జనం ఆమెను పిలిచింది 'దూబగుంట రోశమ్మ' అని. ఇంటిపేరు ఉండవలసిన చోట ఊరి పేరు నిలిచింది. తెలుగు స్త్రీకి ఇంటిపేరు పుట్టింటిదో అత్తింటిదో అవుతుంది, రెండూ మగవారి పరంపరలే. ఆమెకు దక్కిన మూడవ ఇంటిపేరు తోటి ఆడవాళ్ళతో కలిసి ఆమె పనిచేసిన చోటు. ఒక్కరి పేరులో అనేకులను దాచుకున్న ఈ వాడుకను సాహిత్య చరిత్ర పట్టించుకోవాలి.

4. సమాజం, మండలి, సంఘం, గ్రూపు

స్త్రీల సమష్టి సంస్థలకు తెలుగులో ఏర్పడిన పేర్లు కాలానుక్రమంలో ఒక చరిత్ర చెబుతాయి. భండారు అచ్చమాంబ కాలంలో, 1902లో మచిలీపట్నంలో ఏర్పడిన బృందావన స్త్రీల సమాజం వంటివి 'సమాజాలు'. అవి పట్టణాలలోని చదువుకున్న కుటుంబాల స్త్రీలవి. స్వాతంత్ర్యానంతరం సమాజాభివృద్ధి పథకంతో పల్లెలకు 'మహిళా మండలి' వచ్చింది. కుట్టుమిషను, బాలవాడి, ఊరి పెద్ద భార్య అధ్యక్షత దాని సామాన్య లక్షణాలు. దాన్ని గురించి ఇంతకంటే చెప్పవలసింది తక్కువే.

'సంఘం' దారి వేరు. 1940లలో తెలంగాణ గ్రామాలలో ఆంధ్ర మహాసభను జనం 'సంఘం' అన్నారు. సభ్యత్వపు చీటీల వల్ల 'చీటీల సంఘం' అనీ అన్నారు. సంఘంలో చేరడమంటే వెట్టిని కాదనడం, దొర ముందు తల ఎత్తడం. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలను మొదటిసారి ఒకచోట చేర్చింది. ఆ కథనాలలో రెండు స్వరాలు కలిసి వినిపిస్తాయి. సంఘంలో పనిచేసిన కాలం తమ జీవితంలో ఎన్నడూ లేని స్వేచ్ఛా కాలమన్నది ఒకటి. 1951లో పోరాట విరమణ తర్వాత ఇళ్ళకు వెళ్ళిపొమ్మన్నప్పుడు కలిగిన ఖాళీతనం రెండవది. ధైర్యం ఒకసారి వస్తే శాశ్వతంగా ఉండిపోయే గుణమని నమ్మేవారు ఈ రెండవ స్వరాన్ని వినాలి. పని ఆగిన చోట ధైర్యానికి కూడా చోటు ఇరుకైంది. ఆ స్త్రీలు పిరికివారు కాలేదు. వారి ధైర్యాన్ని వినియోగించే కార్యరంగం మూతపడింది.

నేటి వాడుక పదం 'గ్రూపు'. అధికారికంగా 'స్వయం సహాయక సంఘం' అని రాసినా ఊళ్ళో వినిపించేది 'డ్వాక్రా గ్రూపు'. డ్వాక్రా పథకం 1982-83లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకానికి అనుబంధంగా మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అది వేళ్ళూనుకున్నది 1990లలో. సారా నిషేధం తర్వాత నెల్లూరు జిల్లాలో రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే 'పొదుపు లక్ష్మి' వచ్చింది. సారాకు పోని రూపాయి పొదుపుకు రావడంలో ఒక కథన సౌందర్యం ఉంది. ఉద్యమానికి అది సహజమైన ఉత్తరభాగంలా తోస్తుంది. ఉద్యమం నేర్పిన రెండు విద్యలలో ఒకదానికే ఇక్కడ కొనసాగింపు దొరికిందన్న సంగతి ఈ సౌందర్యం చాటున ఉండిపోయింది. లెక్క చూడడం మిగిలింది. లెక్క అడగడం వెనుకబడింది. వేలంపాట జరిగే చోటుకు వెళ్ళి 'మా ఊళ్ళో అమ్మే హక్కు మీకెవరిచ్చారు' అన్న ధోరణిలో నిలదీసిన స్త్రీకీ, వాయిదా డబ్బు వేళకు కట్టి మెప్పు పొందిన స్త్రీకీ మధ్య ఒక్క దశాబ్దం కూడా లేదు. ఆ మధ్యలోనే 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం రావడం, 1997లో పోవడం రెండూ జరిగాయి. రెండవదాన్ని ఆపడానికి అప్పటికే ఊరూరా ఏర్పడుతున్న గ్రూపులు సాధనం కాలేకపోయాయి.

5. విజయగాథ వాక్యం

స్వయం సహాయక సంఘాలతో పాటు ఒక కొత్త వచన ప్రక్రియ పుట్టింది. దానికి 'విజయగాథ' అన్న పేరు స్థిరపడింది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడి 'వెలుగు' ప్రాజెక్టు మొదలైన తర్వాత, అది 'ఇందిరా క్రాంతి పథం'గా మారిన కాలంలో, ఈ ప్రక్రియ బాగా వ్యాపించింది. దీని నిర్మాణం దాదాపు మారదు. భర్త చనిపోయిన లేదా తాగుబోతైన ఒక స్త్రీ. అప్పులు. గ్రూపులో చేరిక. మొదటి రుణం. గేదెలో, కిరాణా దుకాణమో, కుట్టుమిషనో. పిల్లల చదువు. చివరగా, ఒకప్పుడు నలుగురిలో నోరు విప్పలేని ఆమె ఇప్పుడు కలెక్టరు సమక్షంలో మాట్లాడడం. దాదాపు ప్రతి విజయగాథ చివర ఒక అధికారి ఉంటాడు, ఆమె ధైర్యానికి సాక్షిగా.

ఈ ప్రక్రియలోని వాక్యాలను వ్యాకరణ దృష్టితో చూస్తే ఒక లక్షణం బయటపడుతుంది. 'ఆమెకు రుణం మంజూరైంది', 'ఆమెకు శిక్షణ లభించింది', 'ఆమెకు గుర్తింపు వచ్చింది', 'ఆమెకు ఆత్మవిశ్వాసం కలిగింది'. నాయిక దాదాపు ప్రతిచోటా కు-ప్రత్యయంతో కనిపిస్తుంది. బాలవ్యాకరణ పరిభాషలో ఇది షష్ఠి. ఆధునిక భాషాశాస్త్రం ఇటువంటి నామాన్ని అనుభవకర్త అంటుంది. ఆకలి వేసినట్టు, జ్వరం వచ్చినట్టు ఆమెకు ధైర్యం వస్తుంది. ఆమె చేసిన పనులు ప్రథమా విభక్తిలో చెప్పదగినవే: నమ్మించింది, పూచీపడింది, లెక్క రాసింది, బ్యాంకు మేనేజరుతో వాదించింది, ఎగవేసిన సభ్యురాలి ఇంటికి వెళ్ళి నచ్చజెప్పింది. వాటిని 'సంఘ కార్యక్రమాలలో చురుగ్గా పాల్గొంది' అన్న ఒక్క వాక్యంలోకి కుదించి, వచ్చినవాటిని, అందినవాటిని విస్తరించి రాస్తారు. 'లబ్ధిదారు' అన్న పదం ఈ వ్యాకరణానికి శిఖరం. పొందడమే వృత్తిగా గలవారన్న అర్థం దానిలో ఉంది.

ఇది శైలికి సంబంధించిన చిన్న ఆక్షేపణ కాదు. ధైర్యం అందిన వస్తువైతే అందించినవారికి అది రుణం. అప్పుతో పాటు దాన్ని కూడా తీర్చవలసి ఉంటుంది. మంత్రులు వచ్చినప్పుడు, పథకాలు ప్రారంభమైనప్పుడు సభలు నింపడానికి గ్రూపుల స్త్రీలను తరలించే ఆనవాయితీ ఈ లెక్కలోంచే పుట్టింది. రెండవ పర్యవసానం ఇంకా కఠినమైనది. నియమిత సమావేశం, నియమిత పొదుపు, అంతర్గత అప్పులు, నియమిత చెల్లింపు, పుస్తక నిర్వహణ అన్న పంచసూత్రాలు సంఘాన్ని బలంగా ఉంచేవే. అయితే ఉమ్మడి పూచీకత్తు ఒత్తిడిలో వీటిలో నాలుగవది తక్కినవాటిని మింగగలదు. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు అదే సమష్టి రూపాన్ని అనుకరించి, తోటి సభ్యురాలినే వసూలుదారుగా మార్చినప్పుడు ఏమైందో 2010లో రాష్ట్రమంతా చూసింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. పక్కింటి గడప ముందు కూర్చునే కళ సారా ఉద్యమంలో తాగుబోతును సిగ్గుపరచడానికి పనికివచ్చింది. అదే కళ ఇక్కడ అప్పు కట్టలేని స్త్రీని సిగ్గుపరచడానికి పనికివచ్చింది. విజయగాథ ప్రక్రియలో ఈ స్త్రీకి పాత్ర లేదు.

అయినా స్వయం సహాయక సంఘాలను డొల్ల అని కొట్టిపారేసే విమర్శ కూడా ఆ స్త్రీలకు న్యాయం చేయదు. బ్యాంకు గడప, మండల కార్యాలయం బల్ల, పంచాయతీ కుర్చీ లక్షలాది స్త్రీలకు అలవాటైన చోట్లు కావడంలో గ్రూపుల పాత్ర కాదనలేనిది. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన రిజర్వేషన్లలో గెలిచిన స్త్రీలు భర్తల నీడలో మిగిలిపోయారన్న ఆరోపణ ఎంత నిజమో, గ్రామ సమాఖ్యలలో లెక్కలు నడిపి వచ్చినవారు ఆ నీడను దాటడానికి కొంత సిద్ధంగా వచ్చారన్నది అంత నిజం. ఆక్షేపణ సంస్థ మీద కంటే దాన్ని చెప్పే వాక్యం మీద. ఆ వాక్యం ఆమె చేసిన పనిని చెప్పలేకపోతోంది.

6. సంఘం షాట్

పని నుంచి ధైర్యం పుట్టడాన్ని చూపగలిగిన కథనం ఒకటి జహీరాబాద్ ప్రాంతంలో దొరుకుతుంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తోంది. దాని సంఘాలలో అధికభాగం దళిత స్త్రీలు, వర్షాధారపు చిన్న కమతాల వారు. జొన్న, కొర్ర, కంది, పెసర కలిపి పండించే నేల అది. బూడిద, వేపాకు కలిపి బుట్టలలో విత్తనం దాచడం, సాటి రైతుకు కొలిచి ఇచ్చి పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిపించుకోవడం అక్కడి సంఘాల నిత్యకార్యం. 1990ల మధ్యలో బీడు భూములను సాగులోకి తెచ్చి, ఆ ధాన్యాన్ని ఊళ్ళోనే నిల్వ చేసి, పేదలకు తక్కువ ధరకు పంచే పద్ధతిని వారు నిర్మించుకున్నారు. ఎవరు ఎంత పేదలో ఊరి స్త్రీలే కూర్చుని నిర్ణయించారు. ఎవరికి ఎక్కువ ధాన్యం, ఎవరికి తక్కువ అన్నదీ వారి తీర్పే. ఇతరులు గీసిన పేదరిక రేఖ కింద నిలబడవలసినవారు ఆ రేఖను తామే గీశారు. ఇటువంటి తీర్పు చెప్పే పని ఏ శిక్షణ తరగతిలోనూ దొరకదు. అందులో తప్పులు చేసే అవకాశం ఉంది, ఊళ్ళో మాట పడే ప్రమాదం ఉంది, మరుసటి ఏడు సరిచేసుకునే బాధ్యత ఉంది.

ఈ సంఘాల నుంచి వచ్చిన స్త్రీలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్లు ప్రాంతపు బీటీ పత్తి రైతుల నష్టాల మీద వారు తీసిన చిత్రాలు దేశంలోనూ విదేశాలలోనూ ప్రదర్శితమయ్యాయి. 2008 అక్టోబరు 15న మాచునూరులో 'సంఘం రేడియో' మొదలైంది. సాహిత్య విమర్శకు ఇందులో ముఖ్యమైన విషయం వారు కల్పించుకున్న పరిభాష. కెమెరాను పై నుంచి కిందికి, కింది నుంచి పైకి తిప్పి తీసే కోణాలకు వారు పటేలుకూ అతని దగ్గర పనిచేసేవారికీ మధ్య ఉండే చూపుల పేర్లు పెట్టుకున్నారు. చూసేవారూ కనబడేవారూ ఒకే ఎత్తున ఉండే కోణాన్ని 'సంఘం షాట్' అన్నారు. సంఘం సమావేశంలో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు కాబట్టి ఆ పేరు.

ఈ మాటను దృశ్య మాధ్యమ పదంగా మాత్రమే తీసుకుంటే సగం అర్థమే అందుతుంది. ఎవరి చూపు ఎటు నుంచి ఎటు సాగుతోందన్నది కథన విమర్శలోని పాత ప్రశ్న. దాన్ని దృష్టికోణమనీ కథనకోణమనీ పాఠ్యగ్రంథాలు పేర్కొంటాయి. ఆ ప్రశ్నకు ఈ స్త్రీలు కులం, భూమి, కూలి సంబంధాలలోంచి మూడు జవాబులు తయారుచేశారు. ఆ కొలతతో చూస్తే విజయగాథ ఎప్పుడూ పై నుంచి కిందికి తీసిన చిత్రం. అధికారి బల్ల దగ్గర నుంచి కనిపించే స్త్రీ అందులో ఉంటుంది. ఉద్యమ నాయికా కీర్తనం కింది నుంచి పైకి తీసినది. అది ఆమెను అందనంత ఎత్తున నిలబెట్టి, ఆమె పక్కన నిలబడ్డవారిని చట్రం బయట ఉంచుతుంది. మొదటిది అవమానకరమనీ, రెండవది గౌరవప్రదమనీ సాధారణంగా భావిస్తారు. కాని రెండింటిలోనూ ఆమె ఒంటరి. 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న శీర్షికలో మాత్రం సమాన ఎత్తు ఉంది. చదివేది ఆడవాళ్ళే, చెప్పబడేదీ ఆడవాళ్ళే.

సంఘం రేడియోలో మాట్లాడే స్త్రీలకు అటువైపు వినేవారు పక్క ఊరివారే. బయటివారి ముందు 'మేం' అనవలసిన అవసరం అక్కడ తక్కువ. దూబగుంట రాత్రి తరగతిలో నమోదుకాకుండా పోయిన 'మనం' పదహారేళ్ళ తర్వాత మంజీరా తీరపు మండలాలలో ఒక ప్రసార మాధ్యమానికి వాక్యకర్త అయింది. ఆ భాష జహీరాబాద్ మాండలికం, కన్నడ ఉర్దూ పదాలు కలగలిసినది. దాన్ని శిష్ట భాషలోకి దిద్దకుండా ప్రసారం చేయడం కూడా సమాన ఎత్తున కెమెరా పెట్టడంతో పోల్చదగిన నిర్ణయం. విజయగాథల స్త్రీలందరూ ఒకే పాఠ్యపుస్తక భాషలో మాట్లాడడాన్ని దీనితో పోల్చి చూడాలి.

7. తీర్మానాల పుస్తకం

ఈ మూడు రూపాలకు వెలుపల, ఇంతవరకు సాహిత్య పరిశోధన కన్ను పడవలసినంతగా పడని రచన ఒకటి ఊరూరా ఉంది. ప్రతి గ్రూపుకూ ఒక తీర్మానాల పుస్తకం ఉంటుంది. సమావేశం తేదీ, హాజరైనవారి పేర్లు, చర్చించిన అంశం, నిర్ణయం, చివర సంతకాలు. రాసేది చదువుకున్న ఒక సభ్యురాలో, పుస్తక నిర్వాహకురాలో. చెప్పేది పది పదిహేను మంది. ఒకరు రాస్తూ అనేకులు చెప్పే రచన తెలుగు గ్రామీణ స్త్రీల నుంచి ఇంత విస్తారంగా మరెక్కడా రాలేదు. 'తీర్మానించడమైనది' అన్న కార్యాలయ క్రియాపదం దాని పేజీల నిండా ఉంటుంది. కర్తను మింగేసే ఆ క్రియ పక్కనే, ఎవరికి ముందు అప్పు ఇవ్వాలి, ఎవరు ఈ నెల కట్టలేరు, ఎవరి కూతురి పెళ్ళికి ఎంత అన్న వివరాలలో మనుషులు పేర్లతో సహా బయటికి వస్తారు. మొదటి పేజీలలోని వేలిముద్రలు తర్వాతి పేజీలలో వంకర అక్షరాల సంతకాలు కావడం, ఒకే చేతిరాత కొన్ని సంవత్సరాల తర్వాత మరో చేతిరాతకు చోటివ్వడం, అప్పు విషయమే తప్ప మరొకటి రాయని పుస్తకంలో ఒక పేజీన మంచినీటి బోరు గురించో, బెల్టుషాపు గురించో ఒక తీర్మానం కనబడడం ఇందులో చదవవలసిన సంఘటనలు. ఈ పుస్తకాలు గ్రంథాలయాలలో లేవు. సంఘ నాయకురాళ్ళ ఇళ్ళలో, ట్రంకుపెట్టెలలో, పొదుపు పాసుపుస్తకాల కింద ఉన్నాయి. గ్రూపు రద్దయిన చోట పాత కాగితాలతో పాటు పోతున్నాయి.